పెండ ఎత్తేది మనం, పొయ్యి వెలిగేది వాళ్లింట్లో

గోబర్ గ్యాస్ మంచిదే. పొగ లేదు, కట్టెలకు పోయే పని లేదు, గిన్నెలకు మసి పట్టదు. గుంతలో పడ్డ పెండ గాలి తగలకుండా మురిగితే గ్యాస్ అయితది. గ్యాస్ పోయినంక మిగిలేది పొలానికి మంచి ఎరువు. దీంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా లెక్క దగ్గరనే.

కిలో పెండకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తది. నలుగురైదుగురున్న ఇంటికి రెండు పూటల వంట కావాలంటే 2 ఘనపు మీటర్ల ప్లాంటు కట్టాలి. దానికి రోజుకు 50 కిలోల పెండ కావాలి, అన్నే నీళ్లు కావాలి. అంటే కొట్టంలో నాలుగైదు పశువులుండాలి. రెంజల్ మండలంలో ఏ ఊరి మాలవాడకైనా, మాదిగవాడకైనా పోయి చూడండి. నాలుగు బర్రెలు కట్టేసిన గడపలు ఎన్ని? గుంత తవ్వే జాగ ఎవరికుంది? నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడుకునే తల్లి పెండ కలపడానికి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తది?

1981–82లో కేంద్రం జాతీయ బయోగ్యాస్ పథకం మొదలుపెట్టింది. షెడ్యూల్డ్ కులాలకు సబ్సిడీ ఎక్కువ అన్నది. ఎక్కువే, కాదనం. కాని సబ్సిడీ పెండ పెట్టదు కదా!

మరి ఆ పెండ ఇన్నేండ్లు ఎత్తింది ఎవరు? దొరల, పటేండ్ల కొట్టాలలో జీతమున్నది మన తాతలు. పొద్దు పొడవకముందే పెండ తీసి ఊడ్చింది మన అవ్వలు. బతికున్న ఎడ్డు పెండ మన చేతుల్లో, సచ్చిన ఎడ్డు మన భుజాల మీద. అదే చేతులకు దూపకు నీళ్లడిగితే పైనుంచి పోసిండ్రు.

1999లో దీపం అన్నరు, 2016లో ఉజ్వల అన్నరు. బండ ఇంటికొచ్చింది. నింపించడానికి పైసలు కూలి దొరికిన నెలలోనే. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకు మీద బతికినోళ్లకు ఆ నెలలూ తగ్గినయి. (చెరుకు రసం వడగట్టంగా మిగిలే మడ్డితో కూడా గ్యాస్ తీయొచ్చు. ఫ్యాక్టరీ తెరిపిస్తమని ఓట్లకొచ్చే నాయకులను ఆ గ్యాస్ ఎవరికిస్తరో కూడా అడగండి.)

ఉమ్మడి ప్లాంటు పెట్టుకుంటే ఎట్లుంటది? కర్ణాటక తుమకూరు జిల్లాలో పుర అనే చిన్న ఊరుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు అక్కడ ఊరంతటికీ ఒక ప్లాంటు కట్టిండ్రు. వంటకు ఇద్దామంటే ఊరి పెండ సరిపోలేదు. 1987 నుంచి ఆ గ్యాస్‌తో ఇంజను నడిపి బోరు నీళ్లు, కరెంటు దీపాలు ఇచ్చిండ్రు. మనం పట్టుకోవలసింది ఇంకో సంగతి: పెండ తెచ్చినోళ్లకు కిలో లెక్కన పైసలు కట్టిండ్రు. పెండ మోయడం కూలి పని అని లెక్కలో రాసిండ్రు. మన దగ్గర అది వెట్టి, లేకుంటే జీతగాని పనిలో కలిసిపోయిన పని.

ఉమ్మడి అంటే నాకు భయం కూడా ఉంది. ఊరి ఉమ్మడి బావి మనకు ఎన్నడు ఉమ్మడిగా ఉన్నది? అందుకే ప్లాంటు మన వాడ పక్కన సర్కారు భూమిలో కట్టాలి. పట్టా వాడలోని ఆడవాళ్ల సంఘం పేరు మీద ఉండాలి. ఊరి కొట్టాల పెండ మోసినందుకు కూలి ఇవ్వాలి. మిగిలిన ఎరువు అమ్మిన పైసలు సంఘానికే రావాలి. ఎస్సీ కార్పొరేషన్ బర్రెలకు లోను ఇస్తే, గడ్డికి భూమి, గ్యాస్ గుంత దాంతోటే ఇవ్వాలి. రెండు బర్రెలిచ్చి చేతులు దులుపుకుంటే గడ్డి కోసం మళ్లీ పటేలు గట్టు మీదికే పోవాలి.

వచ్చే గ్రామసభలో ఈ దరఖాస్తు ఆడవాళ్లే ఇవ్వాలి. పొగ మింగేది వాళ్లు.