కరెంటు పోయొస్తే మాయమయ్యే వైఫై

పోయిన నెలంతా మా నాన్నది ఒకటే ఫిర్యాదు. "ఒరేయ్, మన వైఫై పేరు ఫోన్లో కనిపిస్తోంది, లాప్‌టాప్‌లో కనిపించట్లేదు." నేనేమో హైదరాబాదులో మీటింగుకీ మీటింగుకీ మధ్య "రీస్టార్ట్ చెయ్యి నాన్నా, అదే వస్తుంది" అనేసి ఫోన్ పెట్టేసేవాణ్ణి.

తెనాలిలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడటం వాళ్ళకి పండగ. ఫోన్లో అయితే అమ్మకి సరిగా కనపడదు. అలా మూడు ఆదివారాలు పోయాయి. నాలుగోసారి నాన్న "నాకే చేతకావట్లేదేమోరా, వయసైపోతోంది" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఆ మాటన్నాక ఇంక ఉండబుద్ధి కాలేదు. ఆ శుక్రవారం రాత్రే బస్సెక్కేశాను.

వెళ్ళీ వెళ్ళగానే మనం మామూలుగా చేసేవన్నీ చేశాను. ఏరోప్లేన్ మోడ్ చూశాను, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను, పాత నెట్‌వర్కులన్నీ చెరిపేశాను. రెండు గంటలు హుష్‌కాకి!

నాన్న కాఫీ గ్లాసు పక్కన పెడుతూ "ఎప్పుడూ కాదురా. కరెంటు పోయొచ్చాక ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు" అన్నారు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"మూడుసార్లు చెప్పాను. నువ్వే వినలా."

అప్పటిగ్గానీ నా బుర్ర పనిచెయ్యలేదు. పక్కింటివాళ్ళ వైఫై లాప్‌టాప్‌లో కనిపిస్తోంది, అంటే కార్డు బానే ఉంది. మా వైఫై ఫోన్లో కనిపిస్తోంది, అంటే రౌటరూ బానే ఉంది. మరి తేడా ఎక్కడ? ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే మా రౌటర్ 13వ ఛానెల్లో కూర్చుని ఉంది.

సంగతేమిటంటే, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్ళు వాడుకోవచ్చు. అమెరికాలో అమ్మే పరికరాలు మామూలుగా 1 నుంచి 11 దాకానే వెతుకుతాయి. మా లాప్‌టాప్ ఎప్పుడో అక్క అక్కడ కొని తెచ్చిచ్చినది. పాతది కాబట్టి 5 గిగాహెర్ట్జ్ దానికసలు తెలీదు. రౌటర్లో ఛానెల్ "ఆటో"లో ఉంది. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ అది చుట్టుపక్కల రద్దీ చూసుకుని తనకు నచ్చిన ఛానెల్ ఎంచుకుంటుంది. 12 గానీ 13 గానీ ఎంచుకుందంటే ఆ రోజుకి లాప్‌టాప్ లెక్కలో మా ఇంట్లో వైఫై లేనట్టే.

ఫోన్లోంచే రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి "ఆటో" తీసేసి 6 పెట్టాను. 1, 6, 11 ఒకదాని దారికి ఒకటి అడ్డం రావు కాబట్టి వాటిలో రద్దీ తక్కువగా ఉన్నది పెట్టుకుంటే సరి. మొత్తం ఐదు నిమిషాల పని.

పని అయిపోయినా సిగ్గు మాత్రం పోలేదు. ఆఫీసులో క్లయింటు "అప్పుడప్పుడూ పనిచెయ్యట్లేదు" అంటే ఎప్పుడు, దేని తర్వాత, ఎన్నిసార్లు అని వంద ప్రశ్నలు వేస్తాం. లాగులు పంపమంటాం. అదే మాట ఇంట్లోవాళ్ళు అంటే వాళ్ళకే తెలీదని తేల్చేస్తాం. నాన్న చూసి, గుర్తుపెట్టుకుని, తేడా కనిపెట్టి చెప్పిన విషయం నేను రాసే ఏ బగ్ రిపోర్టుకీ తీసిపోదు. నా అయిదేళ్ళ అనుభవం అడ్డొచ్చి నాకు అది వినపడలేదు, అంతే. పైగా తప్పు తనదేనేమో అని ఆయన నెల్లాళ్ళు మథనపడ్డారు. వైఫై లేకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

మీ ఇంటినుంచి కూడా ఇలాంటి ఫోన్ వస్తే రీస్టార్ట్ అనేముందు "ఎప్పుడు పోతోంది, ఎప్పుడొస్తోంది?" అని ఒక్కసారి అడగండి.

ఆదివారం పొద్దున్న మనవరాలు తెరమీదకి రాగానే నాన్న అన్న మొదటి మాట: "మన రౌటర్ పదమూడో నంబర్లో ఉందటమ్మా, అదీ సంగతి!" :)