స్కూళ్లలో సైబర్ సేఫ్టీ క్లాస్: ఫోన్ ముట్టుకోకుండా ఎలా చెప్తారు?

మన దగ్గర స్కూల్లో సైబర్ సేఫ్టీ అంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఏడాదికి ఒకసారి పిల్లలందర్నీ గ్రౌండ్‌లో కూర్చోబెడతారు. ఒక ఆఫీసర్ గారు వచ్చి ఓటీపీ చెప్పొద్దు, తెలియనివాళ్లతో చాట్ చేయొద్దు, ఫోన్ ఎక్కువ చూడొద్దు అని మైకులో చెప్తారు. గ్రూప్ ఫొటో దిగుతారు. అయిపోయింది.

మెటీరియల్ లేక కాదు. ప్రతి నెలా మొదటి బుధవారం సైబర్ జాగరూకతా దివస్ జరపమని కేంద్ర హోంశాఖ ఎప్పుడో చెప్పింది. 2020లోనే సీబీఎస్ఈ హ్యాండ్‌బుక్ తెచ్చింది. హైదరాబాద్‌లోని సీడాక్ ఐఎస్ఈఏ ప్రోగ్రాం కింద ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. నా కంప్లయింట్ అంతా చెప్పే పద్ధతి మీదే. "చేయొద్దు" లిస్ట్ బట్టీ పడితే ఆ లిస్ట్ పాతబడిన రోజు పిల్లాడి దగ్గర ఏమీ మిగలదు.

ఉదాహరణకి యూపీఐ కలెక్ట్ రిక్వెస్ట్ సంగతే చూడండి. "ఎవరైనా రిక్వెస్ట్ పంపితే యాక్సెప్ట్ చేయొద్దు" అని ఇప్పటికీ స్లైడ్స్‌లో ఉంటుంది. మనుషుల మధ్య నడిచే కలెక్ట్ రిక్వెస్ట్‌లను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. మోసగాళ్లు ఆగారా? క్యూఆర్ కోడ్ మీదకి మారారు. డబ్బు రావడానికి మన పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు అనే ఒక్క విషయం అర్థమైన పిల్లకి ఏ స్లైడూ అక్కర్లేదు.

పోయినేడాది మా ఊరి పక్క హైస్కూల్లో తొమ్మిదో తరగతికి రెండు పీరియడ్లు తీసుకున్నాను. స్లైడ్స్ లేవు, నా పాత ఆండ్రాయిడ్ ఫోన్, లాప్‌టాప్ అంతే. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేసి బ్లాక్‌బోర్డ్ ఫొటో తీశాను. దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకుని, డీటెయిల్స్‌లో ఉన్న అంకెల్ని మ్యాప్స్‌లో వేస్తే పిన్ వచ్చి వాళ్ల స్కూల్ బిల్డింగ్ మీదే పడింది. అప్పటిదాకా వెనక బెంచీలో గుసగుసలాడుతున్నవాళ్లు కూడా ముందుకొచ్చేశారు. అదే ఫొటోని మామూలుగా పంపితే ఆ అంకెలు ఉండవు. ఎందుకుండవు అని వాళ్లే అడిగారు.

తర్వాత ఏపీకే. పెళ్లి కార్డు అనో, ట్రాఫిక్ చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఫైల్స్ మీకు తెలిసినవే. డెమో కోసం నేనే రాసుకున్న ఒక టార్చ్ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసి చూపించాను. అది కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ పర్మిషన్లు అడుగుతుంది. "టార్చ్‌కి మెసేజ్‌లు ఎందుకు సార్?" అంది రెండో బెంచీ అమ్మాయి. నేను గంటసేపు చెప్పాల్సింది ఆమె ఒక్క ముక్కలో అడిగేసింది. మీలాంటి వాళ్ల కోసం ఒక మాట: ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయట నుంచి వేసిన యాప్స్‌కి యాక్సెసిబిలిటీ పర్మిషన్ అంత ఈజీగా దొరకదు. కానీ మోసగాడు కాల్‌లో ఉండి సెట్టింగ్స్ ఒక్కొక్కటీ నొక్కిస్తుంటే ఆ లాక్ ఏం చేస్తుంది?

అసలు విషయం చివర్లో వచ్చింది. పేరు రాయకుండా చీటీల మీద డౌట్లు రాయమన్నాను. సగం గేమ్స్ గురించే: ఫ్రీ డైమండ్స్ లింకులు, ఐడీ అమ్మడం, హ్యాక్. ఒక చీటీలో మాత్రం ఇలా ఉంది: "ఫొటో ఎడిట్ చేసి బెదిరిస్తే ఇంట్లో తెలియకుండా ఏం చేయాలి?"

"ఇంట్లో తెలియకుండా" అన్న దగ్గరే నేను ఆగిపోయాను. ఇంట్లో తెలిస్తే ముందు ఫోన్ లాక్కుంటారు. అమ్మాయి అయితే చదువే ఆపేయొచ్చు. బెదిరించేవాడికి ఇది బాగా తెలుసు, వాడి బిజినెస్ మొత్తం ఆ భయం మీదే నడుస్తుంది. తెలియనివాళ్లతో ఎందుకు మాట్లాడావ్ అని మొదలుపెట్టే క్లాస్ ఆ భయాన్ని ఇంకాస్త పెంచుతుంది. నేనైతే ఆ రోజు మిగతా టైమంతా దీనికే ఇచ్చాను. డబ్బు పంపొద్దు, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయొద్దు, బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింక్ దాచుకో. నమ్మే పెద్దవాళ్లు ఒక్కరికైనా చెప్పు, ఎవరూ లేకపోతే 1098కి కాల్ చెయ్. డబ్బు పోతే వెంటనే 1930. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకి సంబంధించిన ఇలాంటి ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సర్వీస్ ఉంది. అందులో ఫొటో అప్‌లోడ్ అవ్వదు, ఫోన్‌లోనే దాని హ్యాష్ తయారై అది మాత్రమే వెళ్తుంది. హ్యాష్ అంటే వేలిముద్ర లాంటిది అని చెప్తే చాలు, పిల్లలకి అర్థమైపోతుంది.

టీచర్లకి ఇంకో క్లాస్ కావాలి. స్కూల్ పరువు పోతుందని ఇలాంటివి లోపల్లోపల సర్దేయడం మామూలే. పోక్సో చట్టం కిందికి వచ్చే నేరం తెలిసి కూడా రిపోర్ట్ చేయకపోవడం కూడా శిక్షపడే నేరమే.

ఇంతా చదివి "బ్యాన్ చేస్తే పోలా" అనేవాళ్లు ఉంటారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు ఆపించింది. అక్కడ ఏమవుతుందో చూద్దాం. మన ఇళ్లలో పిల్లాడి ఫోన్ అంటే చాలాసార్లు అమ్మ ఫోనే. అకౌంట్ అమ్మది, ఏజ్ అమ్మది, ఫోన్‌పే కూడా అందులోనే. ఫ్యామిలీ లింక్ మంచి యాప్, కానీ అది పిల్లాడికి సొంత డివైస్, సొంత గూగుల్ అకౌంట్ ఉన్నాయనుకుని తయారైంది. 2022 డిసెంబరులో ఏపీ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలు తప్ప వేరేవి రాకుండా లాక్ చేసి ఇచ్చారు. బాగానే ఉంది. కానీ సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ ఫోన్‌కి ఏ లాక్ ఉంది? అలాంటి ఫోన్‌లో యూపీఐ యాప్‌కి యాప్ లాక్, పిల్లాడికి ఇచ్చేముందు యాప్ పిన్నింగ్, ప్లే స్టోర్‌లో ప్రతి పేమెంట్‌కీ వెరిఫికేషన్. ఈ మూడూ చేయడానికి పది నిమిషాలు చాలు.

మన రీడర్స్‌లో చాలామంది ఇంట్లో అందరి ఫోన్లూ సెటప్ చేసేవాళ్లే. ఈసారి ఊరెళ్లినప్పుడు హైస్కూల్ హెచ్ఎం గారిని శనివారం రెండు పీరియడ్లు అడిగి చూడండి. పాత ఫోన్‌ని ముందే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ తీసేసి, కొత్త అకౌంట్‌తో తీసుకెళ్లండి. డెమోకి పిల్లల ఫొటోలు వాడొద్దు, బ్లాక్‌బోర్డ్ చాలు. టచ్ ప్యానెల్ ఉన్న స్కూల్ అయితే ఫోన్ స్క్రీన్‌ని దాని మీదకి కాస్ట్ చేయండి. చీటీలు మాత్రం మీ ముందు కాకుండా డబ్బాలో వేయమనండి, అక్కడ టీచర్ కూడా ఉండకూడదు.