తుక్కు అని తేల్చేది ఎవరు?

వాహన బీమాలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం అన్నిటికంటే చిన్న ఉత్తరంలో వస్తుంది. ‘మీ వాహనాన్ని టోటల్ లాస్‌గా పరిగణిస్తున్నాం. సాల్వేజ్ విలువ పోగా ఇంత మొత్తం చెల్లిస్తాం. సమ్మతి పత్రంపై సంతకం చేసి పంపండి.’ మూడు ముక్కల ఆ కాగితంతో ఒక బండి ఆయుష్షు తీరిపోతుంది. అది మామూలు కారైతే నష్టం డబ్బుతో పోతుంది. పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, పైకప్పు మీద సోలార్ పలకలు అమర్చుకుని ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టి తయారు చేసుకున్న క్యాంపర్ వ్యాన్ అయితే మాత్రం ఆ ఉత్తరం ఒక ఇంటిని తుక్కుగా ప్రకటించినట్టే.

బీమా సంస్థలు ఈ నిర్ణయాన్ని ఒక లెక్కగా చూపిస్తాయి. లెక్కతో వాదించేదేముంది అని వాహనదారుడు తల వంచుతాడు. అయితే ఆ లెక్కలోకి వెళ్లే అంకెలు మూడు: బండి బీమా విలువ, మరమ్మతు ఖర్చు, శిథిలం ధర. ఈ మూడింటి మీదా పైచేయి డబ్బు చెల్లించవలసిన పక్షానిదే. ఫలితం ఎటు ఉండాలో తేల్చగలిగిన పక్షమే అంకెలనూ తేల్చుతున్నప్పుడు దాన్ని గణితం అనడం మర్యాద కోసమే. నిజానికి అది అధికారం. అధికారమైతే దానికి జవాబుదారీ ఉండి తీరాలి.

కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. ఇళ్లలాంటి వాహనాలను రోడ్ల మీదికి ఆహ్వానిస్తున్న ప్రభుత్వాలు, అవి దెబ్బతిన్న రోజున యజమాని ఎవరితో, ఏ నిబంధనల మీద పోరాడాలో మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి అంకె: బీమా విలువ

దేశంలో వాహన బీమాకు ఇప్పటికీ పునాది 2002 జులైలో అమల్లోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్. సొంత నష్టం బీమా ధరల మీద నియంత్రణను 2007 జనవరి నుంచి ఎత్తేసినా, పాలసీ పత్రాల్లోని కీలక వాక్యాలు ఆనాటివే. వాటి ప్రకారం వాహనం ‘ఐడీవీ’, అంటే ప్రకటిత బీమా విలువను తయారీదారు ధర నుంచి తరుగుదల తీసివేసి కడతారు. ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం, అక్కడి నుంచి పెరుగుతూ పోయి నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం. ఐదేళ్లు దాటితే విలువను ఉభయపక్షాల అంగీకారంతో నిర్ణయించుకోవాలి.

క్యాంపర్ వ్యాన్ యజమాని చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. మన దేశంలో ఇలాంటి వాహనాలు ఎక్కువగా ఒక మామూలు వ్యాన్ కొని, వర్క్‌షాపులో లోపలి భాగాన్ని కట్టించుకోగా తయారైనవి. తయారీదారు ధరలో ఆ పడకలూ లేవు, ఆ వంటగదీ లేదు. అలాంటి అమరికల విలువను విడిగా ప్రకటించి, అదనపు ప్రీమియం చెల్లిస్తేనే వాటికి రక్షణ. మూడు లక్షల ఐడీవీ ఉన్న పాత వ్యాన్‌లో నాలుగు లక్షలతో లోపలి పని చేయించి, దాన్ని పాలసీలో చూపించని యజమానికి బీమా సంస్థ దృష్టిలో ఉన్నది మూడు లక్షల బండి మాత్రమే. ఓ మాదిరి ప్రమాదంతోనే అది తుక్కు గీత దాటిపోతుంది. దానితో పాటే నాలుగు లక్షల ఇల్లూ పోతుంది.

తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో నమోదు కాని మార్పు ఏదైనా క్లెయిమ్ రోజున సంస్థ చేతికి అందే ఆయుధమే.

ఇక ‘ఉభయపక్షాల అంగీకారం’ ఎలా జరుగుతున్నదో పాలసీలు రెన్యువల్ చేసుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఫోను తెరపై ఒక గీతను అటూ ఇటూ జరపడమే ఆ అంగీకారం. గీతను తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది. రేపటి పరిహారం కూడా తగ్గుతుందని అక్కడ ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు.

రెండవ అంకె: మరమ్మతు ఖర్చు

వాహనాన్ని వెలికితీయడానికి, బాగు చేయడానికి అయ్యే మొత్తం ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే అది టోటల్ లాస్. స్పష్టమైన గీతే. కానీ ఆ వాక్యం మధ్యలోనే ‘పాలసీ షరతులకు లోబడి’ అన్న మాట ఉంది. పోట్లాటంతా ఆ మాటలోనే ఉంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఐడీవీ 8 లక్షలు. 75 శాతం అంటే 6 లక్షలు. గ్యారేజీ అంచనా 7 లక్షలు. మొత్తం ఖర్చు చూస్తే ఇది టోటల్ లాస్. అయితే పాక్షిక నష్టం కింద ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. ఫైబర్ గ్లాస్ మీద 30 శాతం. ఆ కోత లక్షన్నర అనుకుంటే సంస్థ చెల్లించాల్సింది అయిదున్నర లక్షలే. ‘షరతులకు లోబడి’ అంటే కోత తర్వాతి మొత్తమేనని సంస్థ వాదిస్తే బండి తుక్కు గీతకు కిందనే ఉండిపోతుంది. యజమాని లక్షన్నర చేతి నుంచి పెట్టుకుని, నిలువెల్లా దెబ్బతిన్న బండిని ఇంటికి తెచ్చుకోవాలి.

మూడవ అంకె: శిథిలం ధర

అదే బండిని టోటల్ లాస్ చేస్తే సంస్థ 8 లక్షలు ఇచ్చి, శిథిలాన్ని అమ్ముకుంటుంది. శిథిలానికి 3 లక్షల బిడ్ వస్తే సంస్థకు నికరంగా పడేది 5 లక్షలు. మరమ్మతు కంటే అదే చవక. బిడ్ 2 లక్షలే అయితే నికర భారం 6 లక్షలు. అప్పుడు మరమ్మతే చవక. బండి అదే, దెబ్బ అదే. కొనుగోలుదారు చెప్పిన ధర మారగానే ఏది లాభమో మారిపోతుంది. బాగు చేయాలా, డబ్బు ఇవ్వాలా అన్న ఎంపిక సంస్థదేనని పాలసీ షరతే చెబుతోంది కనుక, ఆ మార్పు ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

శిథిలాన్ని యజమానే ఉంచుకుంటాను అంటే ఇదే ధర ఎదురు తిరుగుతుంది. ఎంత ఎక్కువ బిడ్ చూపిస్తే అతనికి వచ్చే చెక్కు అంత చిక్కిపోతుంది. ఆ బిడ్ వేసింది ఎవరు, ఎంతమంది పోటీపడ్డారు, నిజంగా ఆ ధరకు కొంటారా అన్నది యజమానికి చెప్పేవారు అరుదు.

బుడమేరు చూపిన నిజం

ఇది క్యాంపర్ వ్యాన్ల ముచ్చట మాత్రమే కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్ సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు వేల వాహనాలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. ఆటో, ట్రావెల్స్ వ్యాన్, సరుకుల బండి నడుపుకుని బతికేవారికి ఆ బండే దుకాణం, ఆ బండే అప్పు పత్రం. టోటల్ లాస్ సొమ్ము ముందుగా చేరేది రుణమిచ్చిన సంస్థకే. మిగిలిందే యజమానికి. తక్కువ ఐడీవీకి బీమా చేయించిన వాహనమైతే, బండీ లేక, అప్పూ తీరక మిగిలిపోయే ప్రమాదం ఉంది.

వరదలో మరో మెలిక ఇంజన్. నీళ్లలో నిలిచిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీరు చేరి పగిలే నష్టాన్ని, అది వరద నష్టం కాదు, దాని పర్యవసానం మాత్రమేనంటూ సంస్థలు తోసిపుచ్చుతాయి. ఇంజన్ రక్షణకు విడిగా యాడ్-ఆన్ తీసుకుంటే తప్ప. ఖర్చులో పెద్ద భాగమైన ఇంజన్‌ను అలా లెక్క నుంచి తొలగిస్తే 75 శాతం గీత మరింత దూరమవుతుంది.

చట్టం ఎవరి పక్షాన ఉంది?

విచిత్రమేమిటంటే చట్టం సామాన్యుడికి మరీ అంత దూరంలో లేదు. సర్వేయర్ నివేదికే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. తమకు నచ్చే నివేదిక వచ్చేదాకా కారణం చెప్పకుండా సర్వేయర్లను మార్చుకుంటూ పోవడం కుదరదని అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో చెప్పింది. ప్రీమియం తీసుకునేటప్పుడు ఒప్పుకున్న విలువను పరిహారం ఇచ్చే రోజున కాదనడాన్ని 2008లో ధర్మేంద్ర గోయెల్ తీర్పు తప్పుపట్టింది. టోటల్ లాస్‌కు పాలసీ కాలమంతా ఐడీవీనే మార్కెట్ విలువగా తీసుకోవాలి, మళ్లీ తరుగుదల కోయరాదు అని పాలసీ పత్రమే చెబుతోంది. ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న కాగితంపై సంతకం చేసినంత మాత్రాన ఎక్కువ పరిహారం కోరే హక్కు పోదని 2015 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. 2024 జూన్ నాటి మాస్టర్ సర్క్యులర్ సర్వేయర్ నియామకానికి 24 గంటలు, నివేదికకు 15 రోజులు, ఆపై నిర్ణయానికి 7 రోజులు గడువు పెట్టింది.

వ్యాపారానికి నడిపే వాహనమైతే వినియోగదారుడే కాదన్న వాదన కూడా ఇప్పుడు చెల్లదు. నష్టాన్ని పూడ్చుకోవడానికి తీసుకునే బీమా లాభార్జన కాదని 2023 ఏప్రిల్‌లో హర్సోలియా మోటార్స్ తీర్పు తేల్చింది.

కాబట్టి ఆ ఉత్తరం అందిన యజమాని వెంటనే సంతకం పెట్టనక్కర లేదు. సర్వే నివేదిక ప్రతిని రాతపూర్వకంగా కోరాలి. 75 శాతాన్ని ఏ మొత్తం మీద కట్టారో అడగాలి. శిథిలం బిడ్ల వివరాలు అడగాలి. అధీకృత సర్వీసు కేంద్రం నుంచి సొంతంగా మరో అంచనా తీసుకోవాలి. మొదట సంస్థ ఫిర్యాదుల విభాగానికి, నెలలోపు న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు, న్యాయవాది అక్కర లేదు, 50 లక్షల వరకూ పరిధి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు.

అన్నిటికంటే ముఖ్యం ఆర్‌సీ. శిథిలాన్ని కొనేవాడికి అప్పగించి, రిజిస్ట్రేషన్ తన పేరనే వదిలేస్తే ఆ బండి రేపు మళ్లీ రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమిది. వాడకానికి పనికిరాని వాహనం గురించి 14 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలని చట్టం 55వ సెక్షన్ ఆదేశిస్తోంది. తుక్కు బండ్ల కాగితాలు, ఛాసిస్ నంబర్లు దొంగ బండ్లకు తొడిగే ముఠాలు ఉన్న దేశంలో ఇది లాంఛనం కాదు.

ప్రభుత్వం చేయవలసింది

హక్కులు ఉన్నా, వాటిని తెలుసుకుని పోరాడగలిగినవాడికే దక్కుతున్నాయి. ఇది విధాన వైఫల్యం. బ్రిటన్‌లో తుక్కుగా తేల్చిన వాహనాలకు ఏ, బీ, ఎస్, ఎన్ అనే నాలుగు తరగతులు ఉన్నాయి. పూర్తిగా నలగ్గొట్టాల్సినది ఏది, విడిభాగాలకు పనికొచ్చేది ఏది, బాగు చేసి నడపగలిగేది ఏది అన్నది ఆ అక్షరమే చెబుతుంది. అలాంటి వాహనాలకు తక్కువ విలువ కట్టవద్దని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో బీమా సంస్థలను బహిరంగంగా హెచ్చరించింది. ఇక్కడ వాహన్ రికార్డులో అలాంటి అక్షరమే లేదు. ఫలానా బండి ఒకసారి తుక్కయిందని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి తెలిసే దారి లేదు.

చేయవలసినవి నాలుగే. 75 శాతాన్ని తరుగుదల కోయకముందు ఖర్చు మీదే లెక్కించాలని ఐఆర్‌డీఏఐ ఒక్క వాక్యంలో తేల్చాలి. శిథిలం బిడ్లను యజమాని కళ్లముందు బహిరంగంగా పెట్టాలి. అడిగినా అడగకపోయినా సర్వే నివేదికను అతనికి పంపాలి. తుక్కు ముద్రను వాహన్‌లో నమోదు చేయాలి. వీటిలో దేనికీ ఖజానా నుంచి చెప్పుకోదగిన ఖర్చు లేదు.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బీమా రంగంలో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 నుంచి 100 శాతానికి పెంచుతామని ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలను జీఎస్టీ నుంచి మినహాయించారు. సొంత కారు బీమాపై మాత్రం 18 శాతం అలాగే ఉంది. పెట్టుబడిదారుడికి తలుపులు బార్లా తెరిచిన రాజ్యం, ప్రీమియంతో పాటు పన్ను కూడా కడుతున్న పౌరుడికి కనీసం లెక్క చూపించమని ఆ పెట్టుబడిదారుడిని ఆదేశించలేదా? బండి తుక్కు కావడం దురదృష్టం. దాన్ని తుక్కు అని తేల్చిన లెక్క యజమానికి కనబడకపోవడం మాత్రం ప్రభుత్వాలు తెలిసి తెలిసి కొనసాగిస్తున్న అన్యాయం.