వయసు చూసి తుక్కంటే ఎలా?

పదిహేనేళ్ళు దాటిన పికప్ అంటే తుక్కేనని ఊళ్ళలో అందరూ తేల్చేస్తున్నారు. మూలనపడ్డ ట్రాక్టర్ ట్రాలీని బాగుచేయిస్తానంటే, “దాని మీద డబ్బులెందుకు తగలేస్తావు? ఫైనాన్స్‌లో కొత్తది తీసుకో” అంటారు. ఈ సలహా తప్పు. కూరగాయలు తోలుకు బతికే కుర్రాళ్ళను, రెండెకరాల రైతులను మోయలేని కిస్తీల్లోకి నెడుతున్నది ఇదే.

ప్రభుత్వమే పదిహేనేళ్ళకు తీసేయమంది కదా అంటారు. అనలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళకే రిజిస్ట్రేషన్ రద్దవుతున్నది ప్రభుత్వ వాహనాలకు. మనబోటి వాళ్ళ బండ్లు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే తిరగొచ్చు. డీజిల్ బండికి పదేళ్ళ గడువు ఢిల్లీ ప్రాంతపు కాలుష్యం కోసం పెట్టినది, మనకు వర్తించదు. పాతబడేకొద్దీ ఫీజులు, హరిత పన్ను పెరిగే మాట నిజమే. ఆ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.

బండిని తినేది ఏళ్ళు కాదు, అది మోసిన సరుకు. భీమవరం వైపు రొయ్యలు, సముద్రపు చేపలు తోలిన బండిని తీసుకోండి. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు తొట్టి సందుల్లోంచి రోజూ ఛాసిస్ మీదికే కారతాయి. అలాంటి బండి ఆరేళ్ళదైనా నేను వద్దంటాను. మదనపల్లె టమాటాలు తోలిన పాత బండి దానికంటే గట్టిగా ఉండొచ్చు. ఆ సంగతి కింద దూరి చూస్తే తప్ప తెలియదు.

కొనేవాళ్ళు క్యాబిన్ రంగు, కొత్త సీటు కవర్లు చూసి మురిసిపోతారు. ముందు కమాను కట్టల బ్రాకెట్లు ఛాసిస్‌కు అతికే చోటు చూడాలి. అక్కడ కొత్తగా నల్లరంగు పూసి ఉంటే అనుమానించండి. చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా మోగి, పెచ్చులు రాలుస్తుంది. స్క్రూడ్రైవర్ మొన దిగిందంటే ఇంక బేరమే వద్దు.

ఇంజన్ చూడ్డానికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే వెళ్ళండి. బానెట్ అప్పటికే వేడిగా ఉంటే ఆ రోజుకు తిరిగొచ్చేయండి. స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీయించండి. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే రింగులు, బోరు అరిగాయన్నమాట. సైలెన్సర్ నీలిపొగ కక్కుతూనే ఉంటే లోపల ఆయిల్ కాలుతోంది.

ట్రాలీకి ఇంజనే లేదు. రేకు చిల్లులు పడినా, పక్క డోర్లు ఊడినా ఊళ్ళోని వెల్డింగ్ షాపులో అయిపోయే పని. ఇరుసు వంగినా, కింది ఛానెళ్ళు చీలినా మాత్రం వదిలేయాలి. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగులు మార్చాలి. హుక్ తగిలే కన్నం కోడిగుడ్డులా సాగిందేమో చూడండి. బరువుతో వెళ్తుండగా అది తెగితే వెనక వచ్చేవాడి ప్రాణం పోతుంది. టైరు గుండీ బాగున్నా పక్కనున్న నాలుగంకెలు చదవండి. 1216 అంటే 2016లో పన్నెండో వారం తయారీ.

బ్రేకులు, పొగ పరీక్షలో ఫెయిలై, బాగుచేసినా నెగ్గని బండిని తుక్కుకే వేయాలి. నెగ్గగలిగినదాన్ని పుట్టిన సంవత్సరం చూసి చంపడం అన్యాయం.

టోకెన్ ఇచ్చేముందు ఆర్సీలోని ఛాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటేనా చూసుకోండి. ఆర్సీలో ఫైనాన్స్ ఎక్కి ఉంటే, ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా రూపాయి కూడా ఇవ్వకండి.