రిపేరు అయింది, పర్మిషన్ రాలేదు

నా రూమ్మేట్‌కి ఒక పిచ్చి ఉంది. రాత్రి మెస్‌లో తిని వచ్చాక యూట్యూబ్‌లో వ్యాన్ లైఫ్ వీడియోలు పెడతాడు. అమెరికాలో ఇల్లు ఖాళీ చేసేసి, మంచం, స్టవ్, బాత్రూమ్, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్న ఆర్‌వీ బండి కొనుక్కుని, ఏడాది పొడుగునా అందులోనే తిరిగేవాళ్ళ వీడియోలు. నాకు అందులో నచ్చేది సీనరీ కాదు, రిపేర్లు. పైకప్పు సందుల్లోంచి వాన కారితే వాళ్ళే సీలెంట్ పూస్తారు. నీళ్ళ పంపు ఆగితే వాళ్ళే విప్పుతారు. బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో మీటర్ పెట్టి ఒక్కో వైరూ వెతుకుతారు. వేరే దారి లేదు మరి. బండే ఇల్లు అయినప్పుడు బండిని షెడ్డులో వదిలేసి ఇంటికి పోలేం కదా.

ఒకరోజు వాడు అన్నాడు, "మన దగ్గర ఇట్లాంటోళ్ళు ఎవరూ లేరు మామా."

ఉన్నారు. పోయిన ఎండాకాలం మా చేన్లోనే నాలుగు రోజులు ఉన్నారు. వాళ్ళకి ఛానెల్ లేదు, అంతే.

మాది కళ్యాణదుర్గం వైపు ఊరు. మన జిల్లా గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అది కూడా ఇష్టమైతేనే. కింద గ్రానైట్, నైస్ రాయి. రాతిలో పగుళ్ళు ఎక్కడ ఉంటే అక్కడే నీళ్ళు, లేకపోతే దుమ్ము. మా నాయన వేసిన రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, ఇంకొకటి పొద్దున గంటసేపు పోసి ఆగిపోతుంది. "ఈతూరి పడకపోతే ఇంగ బోరు జోలికి పోను" అని మూడోది వేయించాడు. (వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది కదా, పర్మిషన్ తీసుకున్నారా అని అడక్కండి. అది వేరే వ్యాసం.)

బోరు బండి అంటే నిజానికి రెండు లారీలు. ఒకదాని మీద రిగ్గు, కంప్రెసర్ ఉంటాయి. రెండోది సపోర్ట్ లారీ. రాడ్లు, డీజిల్, కేసింగ్ పైపులు, బియ్యం మూట, గ్యాస్ స్టవ్, పరుపులు, నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన లుంగీలు అన్నీ దాంట్లోనే. మన ఊళ్ళకి వచ్చే చాలా రిగ్గుల మీద తమిళనాడు నంబర్ ప్లేటు చూసే ఉంటారు. నామక్కల్ జిల్లా తిరుచెంగోడు ఈ వ్యాపారానికి పుట్టినిల్లు లాంటిది. అక్కడి నుంచి దేశమంతా తిరుగుతాయి. మా చేనికి వచ్చిన బండిలో డ్రైవరు, డ్రిల్లరు తమిళులు, మిగతా కుర్రాళ్ళు ఒడిశా, జార్ఖండ్ వాళ్ళు. వాళ్ళలో ఒకడికి నా వయసే. ఇంటికి వెళ్ళి తొమ్మిది నెలలైందన్నాడు. సొంత ఊరు దాటి తొమ్మిది నెలలు ఒకే బండిలో తినడం, పడుకోవడం, పని చేయడం. ఆ అమెరికా వాళ్ళని ఫుల్ టైమర్లు అంటారట. మరి వీళ్ళనేమనాలి?

ఒక తేడా ఉంది, దాన్ని దాచను. ఆర్‌వీ వాళ్ళలో చాలామంది ఇష్టపడి వెళ్ళినవాళ్ళు. వీళ్ళు జీతం కోసం వచ్చినవాళ్ళు. అక్కడ కూడా అందరూ సరదాకి తిరగడం లేదనుకోండి. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన 'నోమాడ్‌ల్యాండ్' చూస్తే తెలుస్తుంది, ఇల్లు పోయాక వ్యాన్ ఎక్కినవాళ్ళ కథ అది. కానీ టైరు పంచరైనప్పుడు, ఎందుకు బయల్దేరావు అని టైరు అడగదు.

ఇక ఆ రాత్రి సంగతి. కొబ్బరికాయ కొట్టి సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టారు. రాడ్డు 20 అడుగులు. ఎన్ని రాడ్లు దిగాయో మా నాయన బొగ్గుతో గోడ మీద గీతలు గీస్తున్నాడు. పదిహేడో గీత దగ్గర, అంటే 340 అడుగుల్లో, టప్పుమని శబ్దం. హైడ్రాలిక్ హోస్ పగిలింది. నూనె చిమ్మి లైటు మీద పడింది. టైము రాత్రి పదకొండు. దగ్గర్లో తెరిచి ఉన్న షాపు అంటే టీ కొట్టు కూడా లేదు.

నేను ఉత్సాహంగా దగ్గరికి పోయి టార్చ్ కొట్టి, ఇంకో పైపు కూడా కారుతోందేమోనని చెయ్యి పెట్టబోయా. డ్రైవరన్న నా చెయ్యి పట్టి లాగేశాడు. "తంబీ, చెయ్యి పెట్టొద్దు. ఆయిల్ చర్మం లోపలికి పోతుంది." ఆ ప్రెషర్‌లో సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుందని, పైకి చిన్న చుక్కలా కనబడినా చెయ్యి తీసేయాల్సినంత ప్రమాదమని తర్వాత చదివి తెలుసుకున్నా. ఆయన బిస్కెట్ డబ్బా అట్టముక్క ఒకటి తెప్పించి, దాన్ని పైపుల దగ్గరగా జరుపుతూ పోయాడు. ఎక్కడ అట్ట మీద తడి మరక పడితే అక్కడ లీకు. తర్వాత ప్రెషర్ మొత్తం దించి, పెట్టెలోంచి స్పేర్ హోస్ తీసి, మరలు తుడిచి బిగించారు. కారిపోయినంత నూనె కొత్త డబ్బా నుంచి పోశారు. ముప్పావు గంట పట్టింది. మళ్ళీ హ్యామర్ దడదడ మొదలైంది.

ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో నేను సబ్మిట్ చేసిన వీ-ఫిట్ ముక్క ఒక సీనియర్ దయ. ఆ రాత్రి అది గుర్తొచ్చింది.

వాళ్ళ పెట్టెలో ఏమేం ఉన్నాయో మర్నాడు చూపించమని అడిగా. మూడు సైజుల హోసులు, ఓ-రింగులు, బెల్టులు, డీజిల్ ఫిల్టర్లు, గ్రీజు గన్ను, వెల్డింగ్ రాడ్లు, గ్రైండర్. ఏది ఎన్నాళ్ళకి పోతుందో వాళ్ళకి నోటికి వచ్చు. రాతిని కొట్టీ కొట్టీ బిట్ మీది కార్బైడ్ గుండ్లు బల్లపరుపుగా అరిగిపోతే, గ్రైండర్‌తో మళ్ళీ గుండ్రంగా చేస్తారు. అలా వదిలేస్తే గుండ్లు పగులుతాయి, బిట్ మొత్తం పోతుంది. పాత రిగ్గు లారీకి డీజిల్ ఫిల్టర్ మార్చి, లోపల చిక్కిన గాలి తీయడం కూడా చూశా. చేతిపంపు కొడుతూ, నట్టు కాస్త వదులు చేసి, నురగ ఆగి డీజిల్ శుభ్రంగా వచ్చేదాకా చూసి బిగించారు. కొత్త కామన్ రైల్ ఇంజన్ మీద ఇంజెక్టర్ నట్టుతో ఇలాంటి పని చేయకూడదట. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. "ఏది ముట్టాలో తెలిసినోడు మెకానిక్ కాదు తంబీ, ఏది ముట్టకూడదో తెలిసినోడు" అన్నాడు డ్రైవరన్న.

బోరు సంగతి చెప్పలేదు కదా. ముప్పై తొమ్మిది గీతలు. 780 అడుగులు. తేమ కూడా తగల్లేదు. తెల్లటి దుమ్ము చేను మొత్తం, మా అవ్వ తల మీద, పక్కనోళ్ళ టమాటా మొక్కల మీద. మా నాయన ఏమీ అనలేదు, గోడ మీది గీతలు చెరిపేశాడు. డబ్బులిచ్చాం. వాళ్ళు రాడ్లు సర్దుకున్నారు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తర్వాత జరిగింది.

రిగ్గు లారీ పాతది, కదిలింది. సపోర్ట్ లారీ కొత్తది, బీఎస్ 6. స్టార్ట్ అయింది కానీ డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది, ఇంజన్ పవర్ కట్ అయింది. లోడుతో చేను గట్టు కూడా ఎక్కలేకపోతోంది. బీఎస్ 6 అంటే 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకి వచ్చిన పొగ నిబంధన. పెద్ద లారీల్లో యూరియా ద్రావణం చల్లి పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గిస్తారు. ఆ సిస్టంలో ఏదైనా తేడా వస్తే బండే తన పవర్ తగ్గించేసుకుంటుంది. డ్రైవర్ నిర్లక్ష్యం చేయకుండా అలా పెట్టారు.

డ్రైవరన్న స్క్రీన్ మీది నంబర్లు చూపించి, "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, ఇదేంటో చెప్పు" అన్నాడు. నాకు జావా వచ్చు, పైథాన్ వచ్చు. ఆ రెండు నంబర్లు చదవడం రాలేదు. ఫోన్లో సిగ్నల్ కోసం వేపచెట్టు దాకా నడిచి వెతికితే తెలిసింది, లారీ కంప్యూటర్లు మాట్లాడుకునే జే1939 అనే ప్రమాణంలో మొదటి నంబర్ ఏ భాగమో చెబుతుంది, రెండోది ఏ రకం తేడానో చెబుతుంది. పొగ గొట్టం దగ్గరి సెన్సర్‌కి కనెక్షన్ సరిగా లేదని అర్థం. ఆ మాట చెప్పగానే ఆయన కిందికి దూరి కనెక్టర్ విప్పాడు. లోపల దుమ్ము. మా బోరులోంచి వచ్చిన దుమ్మే. తుడిచి, ఊది, బిగించాడు. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు.

పసుపు లైటు ఆరలేదు. పవర్ రాలేదు.

టౌన్ నుంచి వచ్చిన మెకానిక్ దగ్గర ఈ బండికి పనికొచ్చే స్కానర్ లేదు. ఇక సర్వీసు మనిషి కోసం ఎదురుచూపు. రెండు రోజులు. రాడ్లు ఈ లారీలో ఉన్నాయి కాబట్టి రిగ్గుకి కూడా పని లేదు. అడుగులు లేకపోతే కుర్రాళ్ళకి బత్తా లేదు. మా అవ్వ వాళ్ళకి సంగటి చేసి పెట్టింది. నీళ్ళు పడని బోరు వేసినవాళ్ళకి అన్నం పెట్టడమేంటని మా చిన్నాన్న గొణిగాడు కూడా. మూడో రోజు పొద్దున ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకాయన వచ్చాడు. కేబుల్ పెట్టాడు, చూశాడు, కనెక్షన్ బాగానే ఉందన్నాడు, ఏదో నొక్కాడు. లైటు ఆరింది. పది నిమిషాలు. సెన్సర్ ఎప్పుడో బాగైంది, ఆ విషయం కంప్యూటర్ ఒప్పుకోవడానికి ఆయన రావాల్సి వచ్చింది.

రిపేరు మొదటి రోజే అయిపోయింది. రానిది పర్మిషన్.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. పొగ నిబంధన వద్దని నేను అనడం లేదు. ఎన్‌హెచ్ 44 పక్కన హాస్టల్లో ఉన్నవాణ్ణి, సాయంత్రం బట్టలు తీస్తే వాటి మీద ఏముంటుందో నాకు తెలుసు. తాళం తీసేస్తే అందరూ సెన్సర్లు పీకేస్తారు అనే వాదన కూడా ఉత్తది కాదు. సెన్సర్‌ని మోసం చేసే డబ్బాలు ప్రపంచమంతా అమ్ముతున్నారు. కానీ రెండు వేరు వేరు పనుల్ని ఒకే తాళంలో పెట్టారు. ఇంజన్ ఎంత పొగ వదలాలో మార్చడం ఒకటి. ఏం పాడైందో చదవడం, బాగు చేశాక మళ్ళీ పరీక్షించుకో అని చెప్పడం ఇంకొకటి. మొదటిదానికి తాళం వేయండి. రెండోది బండి నడిపేవాడి హక్కు. ఎవరు, ఎప్పుడు, ఏ కోడ్ క్లియర్ చేశారో మెమరీలో రాసి పెట్టుకోవచ్చు, అదేమీ రాకెట్ సైన్స్ కాదు. మనం సెకండియర్లోనే లాగ్ ఫైల్ రాయడం నేర్చుకున్నాం.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ట్రాక్టర్ సాఫ్ట్‌వేర్ తాళాల మీద రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకి చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో కమిటీ వేసి, ఆ డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వస్తువులు, బండ్లు దాని పరిధిలో ఉన్నాయి. మంచిదే. కానీ పోర్టల్‌లో మాన్యువల్ ఉన్నంత మాత్రాన చేను మధ్యలో బండి కదలదు. కంపెనీలు స్పేర్లు, కోడ్ల అర్థాలు, స్కానర్ బయటివాళ్ళకి ఇచ్చి తీరాలని గట్టిగా చెప్పే చట్టం మనకి ఇంకా కావాలి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు. లారీలో మనిషి బతుకుతున్నాడని ఒప్పుకున్నట్టే కదా. బతికే చోటుని బాగుచేసుకోనివ్వాలని కూడా ఒప్పుకోవచ్చు.

ఇంకోటి. ఆ స్క్రీన్ మీద నంబర్ల బదులు "పొగ గొట్టం సెన్సర్ వైరు చూడండి" అని తెలుగులోనో తమిళంలోనో హిందీలోనో ఎందుకు రాదు? ఫోన్లో చెత్త గేములు కూడా పది భాషల్లో వస్తున్నాయి. ఎవడో ఒక ఇంజనీరు ఆఫీసులో కూర్చుని, ఈ లైన్ చదివేది సర్వీసు మనిషే అనుకున్నాడు. వాడిని తిట్టడం సులువే. కానీ మనలో కనీసం ఇరవై మంది రెండేళ్ళలో బెంగళూరులో అలాంటి సీట్లోనే కూర్చుంటారు, బహుశా నేను కూడా.

వెళ్ళేటప్పుడు డ్రైవరన్న నా నంబర్ తీసుకున్నాడు. దసరా సెలవులకి ముందు, డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఉండగా వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మళ్ళీ పసుపు లైటు, మళ్ళీ రెండు నంబర్లు. ఈసారి బండి కర్ణాటకలో ఎక్కడో ఉంది. ల్యాబ్ అయ్యాక వెతికి, యూరియా ట్యాంకు వైపు చూడమని మెసేజ్ పెట్టా. ఆయన వాయిస్ నోట్ వచ్చింది. అది ఆయన మధ్యాహ్నమే చూసేశాడట, పైపు కూడా మార్చేశాడట. ల్యాప్‌టాప్ మనిషి రేపు వస్తానన్నాడట.