తాతయ్య కారుకి ట్యాక్సీ ప్లేటా?

పోయిన నెల ఒక రవాణా కార్యాలయంలో రెండు గంటలు క్యూలో నిలబడ్డాను. నా చేతిలో తాతయ్య ఫియట్ 1100 డిలైట్ కాయితాలున్నాయి. 1968లో రాజమండ్రిలో కొన్న బండి. తాతయ్య పోయాక నాన్న పేరు మీదకి మారింది. దాన్ని హైదరాబాదు తెచ్చుకుని ఆదివారాలు తిప్పుకోవాలని నా కోరిక. కౌంటర్లో ఉన్నాయన ఆర్సీ తిరగేసి, "పాత జిల్లా నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోండి సార్, కొత్త టీజీ నంబరు ఇస్తాం" అన్నాడు. మరి పాత నంబరో? అనడిగాను. "అదెందుకు సార్, ప్లేటే కదా" అన్నాడు.

ప్లేటే కదా! ఈ మాట మీదే నా గొడవంతా.

మా ఇంట్లో ఆ కారుని ఎవరూ కారు అనరు, ఫియట్ అనీ అనరు. "నలభై రెండు పదిహేడు" అంటారు. "నలభై రెండు పదిహేడు షెడ్డు నుంచొచ్చిందా?" "నలభై రెండు పదిహేడులో అన్నవరం వెళ్దాం." నాన్న పుట్టినప్పుడు నానమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది నలభై రెండు పదిహేడులోనే. ఆవిడకి తన ఫోను నంబరు గుర్తుండదు గానీ ఈ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నల్ల రేకు మీద తెల్ల రంగుతో, మెయిన్ రోడ్డులో షాపుల బోర్డులు రాసే పెయింటరు కుంచెతో రాసిచ్చిన ప్లేటది. మధ్యలో రెండుసార్లు మళ్లీ రాయించారు. ఏడంకె కొంచెం వంకరగా ఉంటుంది. ఆ వంకరతో సహా అది మా బండి.

ఇప్పుడు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. బండికి రెండేళ్లా, అరవయ్యేళ్లా అని ఆ సెక్షను చూడదు. 1968లో తాతయ్య ఈ కారులో హైదరాబాదు వస్తే సొంత రాష్ట్రంలోనే తిరిగినట్టు. 2014 తర్వాత నేనదే రోడ్డు మీద అదే కారులో వస్తే పరాయి రాష్ట్రం బండి. రాష్ట్రం రెండైందని నాకేం బాధ లేదు. ఆ గొడవలోకి నన్ను లాగకండి. కానీ ఆ నంబరు ఇచ్చిన రోజున ఈ సరిహద్దు లేదు కదా, దాన్ని చెరిపెయ్యడానికి ఈ సరిహద్దెలా కారణమైంది?

"పన్నుల లెక్కలుంటాయి బాబూ" అంటారు. ఉండనివ్వండి, పన్ను కడతాను. పన్ను కట్టడానికీ నంబరు మార్చడానికీ సంబంధం ఏవిటి? 2021లో కేంద్రమే బీహెచ్ సిరీస్ తెచ్చింది. బదిలీలయ్యే ఉద్యోగులు రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు. అంటే సరిహద్దు దాటినా ఒకే నంబరుతో బండి నడపొచ్చని, పన్ను విడిగా వసూలు చేసుకోవచ్చని సర్కారే ఒప్పుకుంది. నిన్నగాక మొన్న షోరూం నుంచొచ్చిన ఎస్‌యూవీకి ఉన్న సదుపాయం యాభై ఏళ్లు దాటిన ఫియట్‌కి లేదు!

ఇక్కడ కొందరు మిత్రులు "వింటేజ్ రూల్స్ వచ్చాయి కదా" అంటారు. వచ్చాయి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకి సవరణ చేశారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చని సొంత వాడకం బండి అయితే వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. అప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టరు చేసేవాటికి మధ్యలో 'వీఏ' అనే అక్షరాలతో ప్రత్యేక సిరీస్. కొత్తగా చేయిస్తే 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయిస్తే 5,000. పాత నంబరుకి విలువుందని కేంద్రం కాయితం మీద ఒప్పుకోవడం మంచిదే. కాదనను.

కానీ షరతు చూడండి. వింటేజ్ కింద నమోదైన బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోడ్డెక్కించకూడదు. అంటే నానమ్మని ఆదివారం గుడికి తీసుకెళ్తే రూలు తప్పినట్టు! ఆవిడ్ని ఎక్కించుకుని సాంకేతిక పరిశోధన చేస్తున్నామని చెప్పాలేమో :) తాతయ్య ఈ కారు కొన్నది షోకేసులో పెట్టడానికి కాదు. నంబరు కావాలంటే బండిని బొమ్మ చెయ్యి, బండి నడపాలంటే నంబరు వదులుకో. ఇదెక్కడి బేరం?

సరే, నంబరు ఎలాగో దక్కిందనుకుందాం. ఇహ ప్లేటు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అల్యూమినియం రేకు, అశోక చక్రం హోలోగ్రాం, లేజరుతో చెక్కిన కోడు, ఎడం పక్కన నీలంలో 'ఐఎన్‌డీ', విప్పడానికి వీల్లేని లాకులు. పాత బళ్లకీ పెట్టించమని కర్ణాటక, మహారాష్ట్ర లాంటి రాష్ట్రాలు గడువుల మీద గడువులు ఇస్తూ వచ్చాయి.

ఇందులో తమాషా ఏవిటంటే, తాతయ్య రోజుల్లో సొంత బండికి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు, ట్యాక్సీకి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. ఇప్పుడు సొంత బండికి తెలుపు మీద నలుపు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు. అంటే 1968 ఫియట్‌కి నేటి తెల్ల ప్లేటు బిగిస్తే, ఆ కాలం లెక్కలో దాన్ని అద్దె బండి చేసినట్టే. తాతయ్య చూస్తే "ఎవడ్రా నా కారుని ట్యాక్సీకి తిప్పుతున్నది?" అని కర్ర తీసేవాడు.

"దొంగతనాలు ఆగాలంటే సెక్యూరిటీ ఉండాలి కదండీ" అన్నది బలమైన వాదనే. నకిలీ ప్లేటు తగిలించుకుని నేరాలు చేసేవాళ్లున్నారు. నేను హై సెక్యూరిటీ ప్లేటుకి వ్యతిరేకిని కాదు, నా బైకుకి అదే ఉంది. కానీ నా ఉద్యోగం డేటాబేసులతో. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారమే చెప్పే మాటొకటుంది: ప్రైమరీ కీ ఒక్కసారి ఇస్తే మార్చకు, తెర మీద అది ఏ రంగులో కనబడాలన్నది వేరే సంగతి. మన రవాణా వ్యవస్థ సరిగ్గా తల్లకిందులుగా చేస్తోంది. కీ మార్చేస్తోంది, రంగు మాత్రం అందరికీ ఒకటే ఉండాలంటోంది. చాసీ నంబరు, ఇంజను నంబరు, యజమాని వివరాలు అన్నీ రికార్డులో ఉన్నప్పుడు, నల్ల ప్లేటున్న పాత ఫియట్‌ని పోలీసు పోల్చుకోలేడా? అయినా బ్యాంకు దోచుకోడానికి స్టీరింగు పక్కన గేరు రాడ్డున్న కారులో ఎవడు వస్తాడండీ?

నంబరు చదివే కెమెరాలు మనకన్నా ముందే వాడిన బ్రిటన్‌లో, 1980 జనవరి 1కి ముందు తయారై హిస్టారిక్ పన్ను తరగతిలో ఉన్న బండికి నల్ల ప్లేటు చట్టబద్ధం. కాలిఫోర్నియాలో ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాత బండి మోడల్ ఏడాదికి సరిపోయే అసలు ప్లేటు సంపాదించి పట్టుకెళ్తే, మోటారు వాహనాల శాఖ పరిశీలించి ఆ నంబరునే బండికి రాసిస్తుంది. వాళ్ల భద్రతేం కూలిపోలేదు.

పోనీ మన ఆఫీసులకి నంబరు విలువ తెలీదా అంటే భేషుగ్గా తెలుసు. 2024లో ఖైరతాబాదులో 9999 నంబరు వేలంలో పాతిక లక్షలు దాటింది. డబ్బున్నవాడి ముచ్చటకి వేలంపాట, మా నానమ్మ జ్ఞాపకానికి "ప్లేటే కదా"నా?

మన పాత కార్ల పిచ్చోళ్లకీ ఒక మాట. ర్యాలీల్లో చూస్తుంటాను, ఇంగ్లీషువాళ్ల ఫ్యాషన్లో అచ్చొత్తిన వెండి అక్షరాల ప్లేట్లు ఆన్‌లైన్లో కొని బిగిస్తారు. కొందరైతే 'బావుంది' అని లేని నంబరే రాయించుకుంటారు. ఇది పాత ప్లేటు కాదు, వేషం. మా వీధుల్లో పాత ప్లేటంటే పెయింటరు చేతిరాత. మీరిలా వేషాలేస్తే, కౌంటర్లో కూచున్నాయన నన్నూ మీ గాటనే కడతాడు.

నేనడిగేది మూడే. యాభై ఏళ్లు దాటిన బండికి రాష్ట్రం మారినా నంబరు మార్చొద్దు. ఆ నంబరుని ఆ కాలపు రంగుల్లో రాసుకోనివ్వండి, కావాలంటే కోడున్న స్టిక్కరు అద్దానికి అంటించండి. ఫిట్‌నెస్ ఉన్నంత కాలం మామూలు బండిలా నడుపుకోనివ్వండి. ఇందులో ఖజానాకి పైసా నష్టం లేదు.

అంతదాకా నలభై రెండు పదిహేడు రాజమండ్రిలో షెడ్డులోనే ఉంటుంది. ఎన్‌వోసీకి దరఖాస్తు పెట్టలేదు. మొన్న ఫోన్లో నానమ్మ "ఏరా, బండి ఎప్పుడు తీసుకెళ్తావు?" అనడిగింది. నంబరు మారుతుందిట నానమ్మా అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇక్కడే ఉంచరా" అంది.