డ్రోనూ కావాలి, విమానం క్షేమమూ కావాలి

డ్రోన్లు వచ్చాక పురుగుమందు ట్యాంకు వీపున మోసే బాధ తగ్గింది. అయితే గన్నవరం, శంషాబాద్ వంటి విమానాశ్రయాల చుట్టుపక్కల రైతులు ఒక సంగతి మరువరాదు. 2017లో కెనడాలోని క్యుబెక్‌లో దిగబోతున్న ప్రయాణికుల విమానం రెక్కను డ్రోన్ ఢీకొట్టింది. అందులోని 8 మంది క్షేమంగా దిగడం అదృష్టమే. మందు నిండిన డ్రోన్ అదుపు తప్పి విమానానికి ఎదురెళితే ఏం జరిగేదీ ఊహించవచ్చు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయ సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేనిదే ఎంత తక్కువ ఎత్తులోనూ ఎగరేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటరాదు. డ్రోన్ అమ్మేవారు, అద్దెకిచ్చేవారు ఈ మాట రైతుకు ముందే చెప్పాలి.

నిబంధన వద్దని మనం అనడం లేదు. గల్ఫ్‌కు పోయే మన బిడ్డలూ ఆ విమానాల్లోనే ఉంటారు. కానీ తెగులు అనుమతి కోసం ఆగదు. కాబట్టి నిషేధ పరిధి పటాన్ని ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. అదును దాటకముందే అనుమతి ఇప్పించే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలి. అనుమతి చేతికొచ్చేదాకా ఆ పొలాల్లో తైవాన్ స్ప్రేయర్లే వాడాలని రైతు సోదరులను, అక్కచెల్లెళ్లను కోరుతున్నాం.